తాయమ్మ ఇంట్లో కదిలిన బండ

చాలా వానలకు ముందు మాట పిల్లలూ. ఒక అడవిలో రాతిగుట్ట ఉండేది. ఆ గుట్ట కింద ఒక చిన్న గుహ. ఆ గుహలో తాయమ్మ అనే ముళ్ళపంది ఒక్కతే ఉండేది.

తాయమ్మ పుట్టింది ఆ అడవిలో కాదు. ఆమెది దూరాన ఉన్న వేరే కొండ. ఒక వేసవిలో ఆ కొండకు నిప్పంటుకుంది. అక్కడున్న ముళ్ళపందులన్నీ తలో దిక్కుకు పరుగెత్తాయి. పొగ తగ్గాక చూసుకుంటే తాయమ్మ పక్కన ఎవరూ లేరు. పిలిచి పిలిచి ఆమె గొంతు పోయింది. ఆ తర్వాత నడిచి నడిచి, ఈ గుట్ట దగ్గర ఆగింది.

ఇక్కడ ఎవరూ ఆమెను పొమ్మనలేదు. రమ్మని కూడా అనలేదు. దారిలో ఎదురైతే అందరూ ఒక పక్కకు తప్పుకునేవారు. అది కోపం కాదు. ముళ్ళు గుచ్చుకుంటాయేమోనని, అంతే. "బాగున్నావా తాయమ్మా?" అని దూరం నుంచే అడిగేవారు. ఆమె "బాగున్నాను" అనేలోపు వెళ్ళిపోయేవారు.

తాయమ్మ దుంపలు తవ్వుకునేది. తినేది. పడుకునేది. కొన్నాళ్ళకు తనలో తనే మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. "ఈ దుంప తియ్యగా ఉంది కదూ?" అని అడిగేది. జవాబు కోసం కాసేపు ఆగేది కూడా.

ఆ గుహలో నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. వానాకాలం వస్తే లోపల ఊట పుట్టి బురదయ్యేది. ఒక వానాకాలమంతా తాయమ్మ ఆ బురదలోనే గడిపింది. రెండో వానాకాలం రాకముందే నేల వేయించుకోవాలనుకుంది.

అడవిలో నేల వేసేవాడు ఒక్కడే. అతను గంగన్న అనే నీటికుక్క. వాగులో నునుపైన బండలు ఏరి తెచ్చి, బంకమట్టి మీద పరిచి, ఇళ్ళకు నేల వేసేవాడు. అతను వేసిన నేల మీద వాన నీళ్ళు నిలిచేవి కావు. తాయమ్మ వెళ్ళి అడిగింది. "వేస్తానక్కా, దానికేం" అన్నాడు గంగన్న.

పని మొదలైంది. రోజూ పొద్దున్నే గంగన్న తడితోకతో గుహ ముందు నిలబడి "అక్కా, వచ్చాను" అనేవాడు. బండ పెట్టేవాడు. దాని మీద కాలేసి అటూ ఇటూ ఊగి చూసేవాడు. కదిలితే తీసి, కింద చిటికెడు మట్టి పెట్టి మళ్ళీ కూర్చోబెట్టేవాడు. పని చేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పేవాడు. వాగులో మడుగు ఎక్కడ లోతో, ఏ చేప ఎంత తెలివైనదో, చిన్నప్పుడు తను నీళ్ళంటే ఎంత భయపడేవాడో చెప్పేవాడు.

"నీటికుక్కవై ఉండి నీళ్ళంటే భయమేమిటి తమ్ముడూ?" అని తాయమ్మ నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

ఆమె అతనికి ఇప్పపూలు పెట్టేది. "మేం చేపలు తినేవాళ్ళం అక్కా" అంటూనే, ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఒక పువ్వు నోట్లో వేసుకునేవాడు. కూలి కింద తాయమ్మ తన రాలిన ముళ్ళు ఇచ్చింది. బండల సందుల్లో మట్టి కూరడానికి అవి బాగా పనికొస్తాయని గంగన్న మురిసిపోయాడు.

ఒకరోజు పని అయిపోయింది. గంగన్న చేతుల మట్టి దులుపుకున్నాడు.

"ఇక చెమ్మ రాదక్కా. హాయిగా ఉండు. వెళ్ళొస్తా."

"మంచిది తమ్ముడూ" అంది తాయమ్మ.

అతను చెట్ల వెనక్కి వెళ్ళేదాకా చూసింది. తర్వాత లోపలికి వచ్చింది. నేల అద్దంలా ఉంది. గుహ ఇదివరకటి కంటే పెద్దదిగా, ఖాళీగా అనిపించింది. తాయమ్మ ఒక్కో బండ మీద అడుగేస్తూ నడిచింది. గుమ్మం పక్కన మూలనున్న బండ మీద కాలు పెట్టగానే 'టక్' మని చిన్న చప్పుడైంది.

మళ్ళీ కాలు పెట్టింది. మళ్ళీ 'టక్'.

ఆ బండ కొద్దిగా ఊగుతోంది. ఎంత కొద్దిగా అంటే, దాని మీద నడిచే చీమకు కూడా తెలియనంత. అలా వదిలేసినా ఏ నష్టమూ లేదు. బాగు చేయాలన్నా పెద్ద పని కాదు. బండ ఒక అంచు ఎత్తి, చిటికెడు బంకమట్టి పెట్టి నొక్కితే చాలు. గంగన్న ఎలా పెడతాడో ఆమె రోజూ చూసింది. గుమ్మం బయట ఇంకా కొంచెం తడిమట్టి మిగిలి ఉంది కూడా.

తాయమ్మ వెళ్ళి చిటికెడు మట్టి తీసుకుంది. బండ దగ్గర కూర్చుంది. అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది.

'నేను బాగు చేస్తే ఇక్కడితో అయిపోతుంది. చెప్పి పంపితే అతను వస్తాడు.'

మట్టిని చేతిలో అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి దాన్ని తీసుకెళ్ళి బయట పెట్టేసింది.

గుట్ట మీద కూతలు పెట్టే గోరింకను పిలిచింది. "గంగన్నకు ఒక మాట చెబుతావా? నేలలో చిన్న లోపం ఉంది, వచ్చి చూడమను."

గోరింక ఎగిరిపోయింది. సూర్యుడు నడినెత్తికి రాకముందే గంగన్న పరుగు పరుగున వచ్చాడు.

"ఏదక్కా? ఎక్కడ?" అన్నాడు రొప్పుతూ. బండ మీద కాలేసి చూసి, నాలుక కరుచుకున్నాడు. "నిజమే. చూసుకోలేదు. తప్పు నాదే." మట్టి పెట్టి సరిచేశాడు. తర్వాత కాసేపు కూర్చుని, వాగులోకి కొత్తగా వచ్చిన కొంగ గురించి చెప్పాడు. తాయమ్మకు ఆ కాసేపు ఆ రోజంతటికీ సరిపోయింది.

అతను వెళ్ళాక మళ్ళీ అదే నిశ్శబ్దం. తాయమ్మ వెళ్ళి ఆ బండ మీద కాలు పెట్టింది. చప్పుడు కాలేదు. ఇంకాస్త గట్టిగా తొక్కింది. కదల్లేదు.

కొన్ని రోజులు ఓర్చుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఏం చేస్తున్నానో తనకే తెలియనట్టుగా, బండ అంచు కింద గోరు పెట్టి మట్టిని గీకింది. మధ్యలో ఒకసారి గుమ్మం వైపు చూసింది. ఆగలేదు. చివరికి బండ 'టక్' మంది.

గోరింకతో మళ్ళీ కబురు పంపింది.

"మళ్ళీనా?" అంది గోరింక. "గంగన్న వేసిన నేల అలా కదలదే."

"కదులుతోంది మరి" అంది తాయమ్మ, గోరింక వైపు చూడకుండా.

ఈసారి గంగన్న పరుగెత్తుకుంటూ రాలేదు. నెమ్మదిగా వచ్చాడు. బండ ఎత్తి కింద చూశాడు. చాలాసేపు చూశాడు.

"పెట్టిన మట్టి ఏమైందక్కా? నేను నిండా పెట్టాను కదా."

ఆ మాటతో తాయమ్మకు భయం పట్టుకుంది. "ఏమో తమ్ముడూ. ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఒక్కోసారి పొరపాటు పడతాడు. ఏం కాదులే" అంది.

గంగన్న తన చేతులు తనే తిప్పి చూసుకున్నాడు. మట్టి పెట్టి బండ కూర్చోబెట్టాడు. ఆమె ఇప్పపూలు పెడితే "వద్దక్కా" అన్నాడు. ఒక్క కబురూ చెప్పలేదు. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తాయమ్మకు ఎప్పటికంటే ఎక్కువ ఒంటరిగా అనిపించింది. ఎదురుగా కూర్చున్నవాడు కూడా తనతో లేడని అనిపించింది. 'ఈసారి వచ్చినప్పుడు బాగా మాట్లాడతాను. అతని మనసు బాగు చేస్తాను' అనుకుంది. ఇంకోసారి రావాలంటే ఇంకోసారి బండ కదలాలి కదా. మళ్ళీ గోరుతో మట్టి తీసేసింది. మళ్ళీ గోరింకను పంపింది. గుహ ఊడ్చి, ఆకుల మీద ఇప్పపూలు పోసి, గుమ్మంలో కూర్చుంది.

గోరింక ఒక్కటే తిరిగి వచ్చింది.

"గంగన్న రాడు" అంది.

"ఏం? పనిలో ఉన్నాడా?"

"పనే మానేశాడు. నా చేతిలో పట్టు పోయింది, ఇక ఎవరింట్లోనూ నేల వేయనన్నాడు. బుల్లెమ్మకు కూడా అదే చెప్పాడు."

బుల్లెమ్మ అంటే వాగు ఒడ్డున బొరియలో ఉండే కుందేలు. ఈమధ్యే పిల్లల్ని కంది. వానలు పడకముందే ఆమె బొరియలో నేల వేస్తానని గంగన్న మాట ఇచ్చాడు.

"బుల్లెమ్మ ఎంత బతిమాలినా వినలేదు" అంది గోరింక. "ఒక్క బండనే నిలబెట్టలేకపోయాను, నీ పిల్లల కింద బండలు ఎలా పరుస్తానమ్మా అన్నాడు. నేనూ దారిలో అందరితో అన్నానులే, తాయమ్మ ఇంట్లో నేల మాటిమాటికీ కదులుతోందని. ఉడుముగారు కూడా వేయించుకుందామనుకుని మానేశారు."

అప్పుడే ఆకాశం ఉరిమింది. ఆ ఏటి మొదటి వాన మొదలైంది.

వాన మర్నాడూ ఆగలేదు. తాయమ్మ పొడినేల మీద కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయింది. గోరింక గుమ్మం కింద తలదాచుకుని, అడగకుండానే కబుర్లు చెప్పింది. బుల్లెమ్మ బొరియలోకి నీళ్ళు వచ్చాయట. పిల్లలు తడిసి వణుకుతున్నారట.

తాయమ్మ ఒళ్ళు ముడుచుకుంది.

"పోనీ, ఒక పని చేయనా?" అంది గోరింక. "నీ బండ దానంతటదే సర్దుకుందని గంగన్నతో చెప్పనా? సంతోషిస్తాడు."

"చెప్పు, చెప్పు" అంది తాయమ్మ వెంటనే.

గోరింక రెక్కలు విప్పింది. తాయమ్మకు గంగన్న తన చేతులు తిప్పి చూసుకోవడం గుర్తొచ్చింది. బండ దానంతటదే సర్దుకుంటే, అతని చెయ్యి మంచిదని అతనికి ఎలా తెలుస్తుంది?

"ఆగు. వద్దు. నేనే వెళ్తాను" అంది.

వానలో తడుస్తూ వాగు దాకా నడిచింది. గంగన్న ఒడ్డున ఉన్నాడు. అతని పక్కన బండల కుప్ప ఉంది. బుల్లెమ్మ ఇంటి కోసం ఏరి పెట్టినవి. ఒక్కొక్కదాన్నీ దొర్లించి వాగులోకి తోసేస్తున్నాడు.

"మంచి బండలు కదా తమ్ముడూ, ఎందుకు పారేస్తున్నావు?"

గంగన్న తలెత్తలేదు. "మంచివని నేననుకుంటే సరా అక్కా? నా కంటి మీద, నా చేతి మీద నాకే నమ్మకం లేదు."

తాయమ్మకు వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. కాళ్ళు గట్టిగా నేలకు అదిమి నిలబడింది.

"నీ చేతిలో ఏ లోపమూ లేదు. మొదటిసారి కదిలిన మాట నిజం. అది చిటికెడు మట్టితో పోయేది. నేనే పెట్టగలను. పెట్టకుండా నిన్ను పిలిచాను. రెండోసారి, మూడోసారి బండ కదల్లేదు. కింద మట్టి నేనే గీకేశాను."

గంగన్న చేతిలోని బండ ఆగిపోయింది. "ఎందుకు?"

"నువ్వు వస్తావని."

"పని చేసినన్నాళ్ళూ నువ్వు మాట్లాడేవాడివి" అంది తాయమ్మ. "పని అయిపోయాక ఎవరూ లేరు. ఊరికే రమ్మని అడగడానికి నోరు రాలేదు. పనేం లేకుండా నా దగ్గరికి ఎవరొస్తారు అనుకున్నాను."

"రమ్మంటే రానని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను."

గంగన్న లేచాడు. అతని మీసాల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "ఆ బండను నేను మనసులో ఎన్నిసార్లు మళ్ళీ కూర్చోబెట్టానో నీకు తెలుసా అక్కా? తింటున్నా అదే, ఈదుతున్నా అదే. మా నాన్న నేర్పిన పని నా చేతిలో చచ్చిపోయిందనుకున్నాను. వెళ్ళక్కా. ఇప్పుడు నాకు నీతో మాట్లాడాలని లేదు."

అతను నీళ్ళలోకి దూకి వెళ్ళిపోయాడు.

తాయమ్మ కాసేపు అతను దూకిన చోట లేచిన బుడగల వైపే చూసింది. తర్వాత ఒడ్డు వెంట బుల్లెమ్మ బొరియ దగ్గరికి వెళ్ళింది. బుల్లెమ్మ గుమ్మంలో నిలబడి చెవుల మీది నీళ్ళు దులుపుకుంటోంది. లోపల పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చున్నారు. వాళ్ళలో చిన్నది దగ్గుతోంది.

తాయమ్మ జరిగిందంతా ఆమెకూ చెప్పింది. బుల్లెమ్మ విన్నంతసేపూ రెప్ప వేయలేదు.

"నువ్వు ఒక్కదానివే ఉన్నావని నాకు తెలుసక్కా. ఎప్పుడూ వచ్చి పలకరించలేదు, అది నా తప్పు" అంది చివరికి. "కానీ నా పిల్లలు నిన్నేం చేశారు?"

తాయమ్మ లోపల తడిసిన పిల్లల వైపు చూసింది. "నా గుహ పొడిగా ఉంది. పిల్లల్ని తీసుకుని రా" అంది.

బుల్లెమ్మ ఆమె ముళ్ళ వైపు చూసింది. మళ్ళీ పిల్లల వైపు చూసింది.

తాయమ్మకు అర్థమైంది. "నేను లోపల ఉండను. గుమ్మంలో ఉంటాను. నా ముళ్ళు బయటికే ఉంటాయి" అంది.

కుందేళ్ళు గుహకు వచ్చాయి. అద్దంలాంటి నేల మీద ఆకులు పరుచుకుని వెచ్చగా ముడుచుకున్నాయి. వాన పడ్డన్నాళ్ళూ తాయమ్మ గుమ్మంలోనే ఉంది. ముఖం లోపలికి, ముళ్ళు వానకు. గాలి ఎటు తిరిగితే అటు తిరిగి జల్లు లోపలికి పోకుండా అడ్డంగా నిలబడింది. లోపల పిల్లల గొంతులు వినిపించేవి. ఆ గొంతులేవీ ఆమెను పిలవలేదు. అయినా వింటూ ఉండేది.

గోరింకకు ఆమె ఒకే మాట చెప్పింది. "ఇదివరకు నువ్వు ఎంతమందితో నేల కదులుతోందని చెప్పావో, అంతమందితోనూ దాన్ని కదిలించింది నేనేనని చెప్పు."

"నిన్ను చూసి నవ్వుకుంటారు" అంది గోరింక.

"నవ్వుకోనీ."

నిజంగానే కొందరు నవ్వుకున్నారు. దారిలో ఇంకాస్త దూరం జరిగినవాళ్ళూ ఉన్నారు. ఉడుము మాత్రం గంగన్న దగ్గరికి వెళ్ళి, తన ఇంటికి నేల ఎప్పుడు వేస్తావని అడిగి వచ్చింది.

వాన తెరిపి ఇచ్చిన రోజు గంగన్న గుట్ట దగ్గరికి వచ్చాడు. తాయమ్మ గుమ్మంలో ముద్దగా తడిసి నిలబడి ఉంది. అతను ఆమెను చూశాడు, లోపల పొడిగా ఉన్న పిల్లల్నీ చూశాడు. పక్క నుంచి లోపలికి వెళ్ళి మూల బండ మీద కాలేశాడు. 'టక్' మంది.

"చెయ్యనా?" అన్నాడు.

"వద్దు తమ్ముడూ. అది నేను తవ్విన గొయ్యి. నేనే పూడుస్తాను."

తాయమ్మ మట్టి తెచ్చింది. బండ ఎత్తి, మట్టి పెట్టి నొక్కింది. ఇంకా కొంచెం ఊగింది.

"కుడివైపు ఇంకాస్త పెట్టు" అన్నాడు గంగన్న.

పెట్టింది. బండ నిలిచింది. గంగన్న కాలితో ఒకసారి తొక్కి చూసి తలూపాడు. అంతే. బుల్లెమ్మతో మాత్రం "రేపటి నుంచి మీ ఇంటి పని మొదలుపెడతానమ్మా" అన్నాడు.

మర్నాడు తాయమ్మ ఎవరూ పిలవకుండానే ఆ బొరియ దగ్గరికి వెళ్ళింది. గంగన్న వాగులోంచి బండలు తీస్తుంటే, ఆమె బంకమట్టి తవ్వి మోసింది. అతను కబుర్లు చెప్పలేదు. "ఇక్కడ పెట్టు", "ఇంకా కావాలి", "చాలు". ఈ మూడు మాటలే మాట్లాడాడు. ఆమె అక్కడే పెట్టింది, ఇంకా తెచ్చింది, చాలన్నప్పుడు ఆగింది. పని పూర్తయ్యాక బుల్లెమ్మ పిల్లల్ని తీసుకుని తన ఇంటికి వెళ్ళింది. వెళ్తూ, "వస్తూ ఉండక్కా" అంది. మాటవరసకు అందో, మనసులోంచి అందో తాయమ్మకు తెలియలేదు.

గుహలో మళ్ళీ ఎవరూ లేరు. నేల గట్టిగా ఉంది. ఎక్కడ కాలు పెట్టినా చప్పుడు లేదు.

ఒకరోజు తాయమ్మ వాగు వైపు బయలుదేరి, సగం దారిలో వెనక్కి వచ్చేసింది. ఇంకోరోజు ఒడ్డు దాకా వెళ్ళి, రెల్లుపొదల వెనక కాసేపు నిలబడి వచ్చేసింది. మూడోసారి పొదలు దాటింది.

గంగన్న రాయి మీద కూర్చుని చేప తింటున్నాడు. ఆమెను చూసి తినడం ఆపాడు.

"ఏమైందక్కా? ఎక్కడైనా కదిలిందా?"

"ఏమీ కదల్లేదు తమ్ముడూ. పనేం లేదు. నీతో కాసేపు కూర్చుందామని వచ్చాను. కుదరకపోతే వెళ్తాను."

ఆ మాట అనడం ఆమెకు వానలో నిలబడటం కంటే కష్టమైంది. గంగన్న వాగు వైపు చూశాడు. చేప ముల్లు ఒకటి తీసి నీళ్ళలో పడేశాడు.

"నా కోపం ఇంకా పోలేదక్కా" అన్నాడు.

"తెలుసు."

"అయినా కూర్చో."

తాయమ్మ కూర్చుంది. అవతలి ఒడ్డున కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. పొద్దు వాలుతుండగా గంగన్న గొంతు సవరించుకుని, ఆ కొంగ మొన్న ఏం చేసిందో చెప్పడం మొదలుపెట్టాడు.

నీతి: తోడు కావాలంటే తోడే అడగాలి. ఎదుటివారి పనికి వంక పెట్టి పిలిస్తే, వాళ్ళు వచ్చినా వాళ్ళ మనసు రాదు.